క్వాలే ఉత్తరాలు, లోవెల్ ప్రాథర్ జవాబులు

లోవెల్ ప్రాథర్ బొగ్గు కంపెనీల మనిషని పర్యావరణ సంఘాలవాళ్లు అనుమానించేవారు. పైకి అలా కనిపిస్తాడు గానీ లోలోపల ఆ సంఘాల మనిషేనని బొగ్గు కంపెనీలవాళ్లు అనుమానించేవారు. ఆయన మాత్రం ఈ ఇద్దరినీ, వీళ్లతోపాటు వాషింగ్టన్‌లో ఉన్న ప్రతి ఆఫీసునీ, మా షయెన్ ఆఫీసు కాఫీ యంత్రం మీద అంటించిన "ఈ రోజే శుభ్రం చేశాం" అన్న చీటీనీ అనుమానించేవాడు. ముప్పై ఏళ్లు ఉద్యోగం అలాగే చేసుకొచ్చాడు.

నా పేరు రోండా. ఆయన కింద ఇరవై రెండేళ్లు పనిచేశాను. వయోమింగ్ రాష్ట్రంలో గాలి గురించో నీటి గురించో కొత్త నిబంధన తేవాలంటే ముందు దాన్ని అచ్చువేసి జనం ముందు పెట్టాలి. నలభై అయిదు రోజులపాటు ఎవరైనా సరే దాని మీద అభిప్రాయం రాసి పంపవచ్చు. వచ్చిన ప్రతి అభిప్రాయానికీ మా పర్యావరణ శాఖ రాతపూర్వకంగా జవాబివ్వాలి. అది చట్టం. ఆ కవర్లు చింపడం, వాటి మీద నంబరు గుద్దడం, జవాబు రాసేవాళ్ల బల్ల మీదికి చేర్చడం నా పని. తిట్లకీ నంబరు వేస్తాం. "మీరంతా గాడిదలు" అని ఒక్క ముక్క రాసి పంపినవాడికి కూడా "మీ అభిప్రాయం గమనించాం, నిబంధనలో మార్పు లేదు" అని జవాబు వెళ్లాల్సిందే.

లోవెల్ డెల్ బట్ అనే బొగ్గు ఊళ్లో పుట్టాడు. తండ్రి భూగర్భ గనిలో పనిచేసేవాడు. కొడుకు పదకొండో తరగతిలో ఉండగా గని మూతపడింది. వాషింగ్టన్ నుంచి వచ్చిన ఒక కాగితం వల్లే మూతపడిందని ఊరంతా అనుకుంది. లోవెల్ దాన్ని కూడా నమ్మలేదు. లారమీలో లా చదువుతున్నప్పుడు ఆ కాగితం వెతికి తీశాడు. చూస్తే సగం తప్పు వాషింగ్టన్‌ది, మిగతా సగం కంపెనీది. తీసుకెళ్లి తండ్రికి చూపించాడు. ఆయన చదివి మడిచి, "ఇది మీ అమ్మకి చూపించకు. ఇన్నాళ్లూ తిట్టిన తిట్లలో సగం వృథా అయ్యాయని బాధపడుతుంది" అన్నాడట.

తర్వాత వాషింగ్టన్‌లో, తన పార్టీ ప్రభుత్వంలో, ఇంధన వ్యవహారాల ఆఫీసులో మూడేళ్లు చేశాడు. టై కట్టుకోవడమూ, సంతకం లేని కాగితాన్ని పక్కన పెట్టడమూ అక్కడే నేర్చుకున్నానని చెప్పేవాడు. తిరిగొచ్చి మా శాఖలో చేరి మెల్లగా డిప్యూటీ డైరెక్టరయ్యాడు. కేంద్రం మా మీద రుద్దిన నిబంధనల మీద పదకొండు కేసులు నడిపి ఏడు గెలిచాడు. వోటు వచ్చిన నాటి నుంచి ఒకే పార్టీకి వేశాడు. ఆదివారం లూథరన్ చర్చి, అక్టోబరులో ఎల్క్ దుప్పుల వేట, హీటరు తగ్గించి చలికాలమంతా ఇంట్లో కోటు విప్పలేనంత పొదుపు. ప్రభుత్వం ఎంత చిన్నదైతే అంత మంచిదని నమ్మేవాడు. కాకపోతే ఆ ఉన్న కాస్తా అబద్ధం చెప్పకూడదనేవాడు. గాలి శుభ్రంగా ఉందని కంపెనీ లెక్కలు పంపితే, "ఎవరు కొలిచారు? ఏ రోజు? ఆ రోజు గాలి ఎటు వీచింది?" అని అడిగేవాడు. గాలి పాడైందని సంఘాలవాళ్లు పంపినా అవే మూడు ప్రశ్నలు.

2007 చలికాలంలో మొదటి క్వాలే ఉత్తరం వచ్చింది. సెడ్జ్ లోయలో గ్యాస్ బావుల పొగ మీద నిబంధన అది. టైపు చేసిన రెండు పేజీలు, కింద హెచ్. క్వాలే అన్న సంతకం, షయెన్‌కి నలభై మైళ్లలో ఉన్న లోన్ క్రీక్ అనే చిన్న ఊరి పోస్టు బాక్సు నంబరు. "1998లో రోటరీ క్లబ్బు భోజనంలో, పొగకి కౌంటీ సరిహద్దు తెలియదని మిస్టర్ ప్రాథర్ అన్నారు. ఇప్పుడు ఆయన రాసిన నిబంధన కౌంటీ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఈ తొమ్మిదేళ్లలో పొగ చదువుకుందా?"

లోవెల్ దాన్ని నిలబడే చదివాడు. తర్వాత కూర్చుని మళ్లీ చదివాడు. కింది ఉద్యోగులు రాయాల్సిన జవాబు తనే రాశాడు, మూడు పేజీలు. నిబంధన మాత్రం మార్చలేదు.

ఆ తర్వాత ఏ నిబంధన అచ్చయినా క్వాలే ఉత్తరం వచ్చేది. పన్నెండేళ్లలో ముప్పై ఒకటి. వచ్చినప్పుడల్లా లోవెల్ తలుపు వేసుకుని స్వయంగా జవాబు రాసేవాడు. నాలుగుసార్లు నిబంధన కూడా మార్చాడు. 2001లో విచారణలో ఏమన్నాడో, 2003లో రేడియోలో ఏమన్నాడో, ఎక్కడ మాట తిప్పాడో ఆ క్వాలేకి అంతా కంఠతా వచ్చు. పరాయి మనిషికి అంత జ్ఞాపకం ఉండదు. ఇది లోపలి మనిషి పనేనని మా ఆఫీసులో అందరమూ అనుకున్నాం. ఒకళ్లనొకళ్లం ఓరగా చూసుకోవడం అలవాటైపోయింది.

ఇక్కడి నుంచి చెప్పుకోవడానికి నాకు కాస్త సిగ్గుగా ఉంటుంది. 2018 శరత్తులో ఒక బుధవారం. బుధవారమంటే మా క్యాంటీన్‌లో చిల్లీ, పక్కన దాల్చినచెక్క రోలు అనే బన్ను. మాంసం, చిక్కుడు గింజలు వేసిన ఆ కారపు కూరలో తియ్యటి రోలు ముంచుకుని తింటుంటే మనిషికి నోరు తనంతట తనే లేస్తుంది. ఎదురుగా ఇంజనీరు మార్విన్ కూర్చున్నాడు.

"క్వాలే ఎవరంటావు?" అన్నాను.

"డెన్నిస్. ప్రమోషన్ రాలేదని రాజీనామా చేశాడే, వాడు. కడుపుమంట ఉన్నవాడికి జ్ఞాపకశక్తి బాగుంటుంది."

"డెన్నిస్‌కి రెండు వాక్యాలు వరసగా రాయడం రాదు. నేను చెప్పనా? లోవెలే రాసుకుంటున్నాడు."

"తనని తనే తిట్టుకుంటాడా?"

"ఎవర్నీ నమ్మని మనిషి తనని మాత్రం ఎందుకు నమ్మాలి? పైగా పార్టీవాళ్లు వదులు చేయమన్న చోట కాస్త బిగించాలంటే, జనం అడిగారని చూపించడానికి ఒక ఉత్తరం ఉండాలి కదా."

మార్విన్ చెంచా ఆపేశాడు. "రోండా, ఇది చాలా బాగుంది."

బాగుందంటే మురిసిపోయాను. మార్విన్ బావమరిది ఒక సెనేటర్ దగ్గర పనిచేస్తాడన్న సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

జనవరిలో మా డైరెక్టర్ రిటైరయ్యాడు. ఆ కుర్చీకి గవర్నర్ లోవెల్ పేరు పంపాడు. లోవెల్‌కి అరవై ఒకటి. పన్నెండేళ్లుగా డిప్యూటీ. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. ఆయన నోరు విప్పి అనలేదు గానీ, ఆ వారం నడవాలో ఈల వేసుకుంటూ వెళ్లడం ముగ్గురం విన్నాం. రాష్ట్ర సెనేట్‌లో అయిదుగురి కమిటీ ఆ పేరుని ఒప్పుకోవాలి. దాని ఛైర్మన్ బర్క్‌హాల్టర్ బొగ్గు కౌంటీ మనిషి, లోవెల్ పార్టీవాడే. కమిటీ కూర్చోవడానికి పది రోజుల ముందు ఆయన విలేకర్లతో అన్న మాట పేపర్లో వచ్చింది: "ఈ పెద్దమనిషి దొంగపేరుతో తన నిబంధనల మీద తనే ఉత్తరాలు రాసుకుంటాడని వింటున్నాను. బిగించాలనుకున్న చోట, జనం అడిగారని చూపించడానికట. ప్రమాణం చేయించి అడుగుతాను."

అక్షరం పొల్లుపోకుండా నా మాటే. చిల్లీ వాసన కూడా వచ్చినట్టనిపించింది.

ఆ పొద్దున లోవెల్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"పేపరు చూశావా రోండా?"

"చూశాను."

"ఈ మాట ఎవరు పుట్టించి ఉంటారంటావు?"

"ఎవరో పనిలేనివాళ్లు."

"పనిలేనివాళ్లకి ఇంత బుర్ర ఎక్కడిది? ఇది పని ఉన్నవాళ్లే, పని మధ్యలో పుట్టించారు."

నా కళ్లలోకే చూస్తున్నాడు. ఆ కంగారులో ఒక రైతు అభిప్రాయానికీ నా స్వెటర్ చేతికీ కలిపి పిన్ను కొట్టేశాను. ఆయన ఆ కాగితాన్నీ చేతినీ చూసి వెళ్లిపోయాడు.

ఆయన కుర్చీకి చేటు తెచ్చింది నేనే కాబట్టి సరిదిద్దాల్సిందీ నేనేననుకున్నాను. అసలు క్వాలేని పట్టుకుని చూపిస్తే లోవెల్ బయటపడతాడు. ముప్పై ఒకటో ఉత్తరానికి జవాబు సోమవారం పోస్టు చేశాను. శనివారం పొద్దున్నే మా ఆయన వేటకి వాడే బైనాక్యులర్స్ తీసుకుని లోన్ క్రీక్ పోస్టాఫీసు ఎదురుగా కారు ఆపుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి ఒక నీలం కారు వచ్చింది. అందులోంచి ఆర్డిత్ ప్రాథర్ దిగింది. లోవెల్ భార్య.

పరాచికానికి అన్న మాటే నిజమన్నమాట, ఉత్తరాలు ఆయనే రాసుకుంటాడు, జవాబులు తెచ్చుకోవడానికి పెళ్లాన్ని పంపిస్తాడు అనుకున్నాను. బాగా చూద్దామని బైనాక్యులర్స్ ఎత్తాను. ఆర్డిత్ ఎక్కడో అర మైలు దూరంలో చీమంత కనిపించింది. అంతలో కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు.

"రోండా, అది తిరగేసి పెట్టుకున్నావు," అంది ఆర్డిత్.

పక్కనే ఉన్న హోటల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఇద్దరం ఒకేసారి అడిగాం, "నిన్ను లోవెల్ పంపాడా?" అని.

ముందు ఆవిడే తేరుకుంది. "లోవెల్‌కి తెలియదు. నేను రాస్తాను."

"నువ్వా?"

"పెళ్లయిన కొత్తలో ఒప్పందం చేసుకున్నాం, భోజనాల దగ్గర ఆఫీసు మాటలు వద్దని. 2007లో సెడ్జ్ లోయలో మా అక్క మనవలు నెలంతా దగ్గుతూ పడుకున్నారు. నేనిక ఆగలేక మొదలుపెట్టాను. ఆయన మూతి తుడుచుకుని, 'ఆర్డిత్, అభిప్రాయం ఉంటే రాసి పంపు, చట్టప్రకారం జవాబిస్తాం' అన్నాడు. నా నోరు మూయించడానికే అన్నాడనుకో. సరే, పంపాను."

"మరి క్వాలే?"

"మా అమ్మమ్మ. హిల్డా క్వాలే. ఆవిడకీ గొడవలంటే ఇష్టమే."

ప్లేటులోని ఆపిల్ పై ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ నెట్టింది. "మూడు పేజీల జవాబొచ్చింది రోండా. అప్పటికి ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నాకు మూడు పేజీలు రాసింది లేదు. పెళ్లికి ముందు రాసినవాటిలో కూడా సగం వాతావరణమే."

"ఇప్పుడైనా చెప్పెయ్యి. కమిటీలో అడుగుతారు."

"అడిగితే తెలియదంటాడు. నిజమే కదా. తెలియకపోవడమే ఆయనకి మంచిది. చెబితే ఆయన జాగ్రత్తగా రాయడం మొదలుపెడతాడు, ఇక అవి చదవలేం."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మనసు ఆగక, పుకారు పుట్టించింది నేనేనని ఆవిడతో ఒప్పుకున్నాను. ఆర్డిత్ ఫోర్కు కింద పెట్టింది.

"బుధవారమా?" అంది.

"బుధవారమే."

"ఆ రోలు తిన్నరోజు నేనూ ఏదో ఒకటి వాగుతాను," అని బిల్లు నా వైపు తోసింది.

ఫిబ్రవరిలో కమిటీ కూర్చుంది. రెండో వరసలో ఆర్డిత్, మూడో వరసలో నేను, నా పక్కన నా మొహం చూడకుండా మార్విన్. లోవెల్ చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. గంటసేపు బొగ్గు, గ్యాస్, గాలిమరలు, వాషింగ్టన్ మీద వేసిన కేసులు నడిచాయి. అన్నిటికీ బాగానే చెప్పాడు. అప్పుడు బర్క్‌హాల్టర్ కళ్లజోడు తీశాడు.

"క్వాలే ఉత్తరాలు మీరే రాశారా?"

"లేదు, ఛైర్మన్ గారూ."

"ఎవరు రాశారో తెలుసా?"

ఆర్డిత్ వీపు చూశాను. నిశ్చింతగా ఉంది. తెలియదంటాడు, అయిపోతుంది.

"తెలుసు," అన్నాడు లోవెల్.

ఆర్డిత్ ఒళ్లోని చేతిసంచి కింద పడింది.

"ఎవరు?"

"చెప్పను. అభిప్రాయం ఏ వ్యక్తి అయినా పంపవచ్చని చట్టంలో ఉంది. అసలు పేరు చెప్పాలని లేదు. మేం అభిప్రాయానికి జవాబిస్తాం, మనిషిని వెతకం."

"చెప్పకపోతే మేం ఏమనుకోవాలి?"

"మీ ఇష్టం. నన్ను అనుమానించనివాళ్లు ఈ రాష్ట్రంలో ఎవరున్నారు గనక."

ఆర్డిత్ లేచి నిలబడింది. ప్రజలు మాట్లాడే వంతు తర్వాతమ్మా అన్నాడు బర్క్‌హాల్టర్. "నా వంతు వచ్చేసింది. ఆర్డిత్ ప్రాథర్, షయెన్. క్వాలేని నేనే," అంది.

హాలంతా గుసగుసలు. "అయితే డెన్నిస్ కాదన్నమాట," అన్నాడు మార్విన్ నా చెవిలో.

ఆర్డిత్ కమిటీని వదిలేసి మొగుడి వైపు తిరిగింది. "నీకెప్పటి నుంచి తెలుసు?"

లోవెల్ ఛైర్మన్ అనుమతి అడిగి మరీ జవాబు చెప్పాడు. "పన్నెండో ఉత్తరం నుంచి. ఉత్తరం రాసినవారు ఫిబ్రవరిలో సెడ్జ్ లోయలో ఎన్నడూ నిలబడినట్టు లేదని అంతకుముందు నేను జవాబు రాశాను. దానికి నువ్వు, నిలబడ్డాను, 2004లో, మధ్యాహ్నం రెండు గంటలకి, మ్యాపు చూసిన పెద్దమనిషి దారి తప్పించడం వల్ల, అని రాశావు." కమిటీ వైపు తిరిగి, "ఆ మ్యాపు చూసింది నేనే, ఛైర్మన్ గారూ," అన్నాడు.

అయిదుగురిలో ముగ్గురు సెనేటర్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మరి నాతో ఎందుకు అనలేదు?" అంది ఆర్డిత్.

"అంటే మానేస్తావని."

బర్క్‌హాల్టర్ సుత్తి కొట్టి మెల్లగా అన్నాడు. ఆయనా చెడ్డవాడు కాదు, దారి చూపిస్తున్నాడు. "మిస్టర్ ప్రాథర్, డైరెక్టర్ రాసిన నిబంధనని డైరెక్టర్ భార్యే తప్పుపడితే, రేపు వాషింగ్టన్‌వాళ్లు కోర్టులో ఆ ఉత్తరమే చదువుతారు. మీరు ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఈ ఉత్తరాలు రావని మాటివ్వండి. ఆ ఒక్క మాట చాలు, వోటుకి వెళ్దాం."

"నేను మానేస్తాను," అంది ఆర్డిత్ నిలబడే.

"విన్నారుగా," అన్నాడు బర్క్‌హాల్టర్.

లోవెల్ చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. ఇక ఔనంటే అయిపోతుంది. నేను లోపల్లోపల ఔననండి, ఔననండి అనుకుంటూనే ఉన్నాను.

"మానుకోవడం ఆవిడ ఇష్టం," అన్నాడు. "ఆవిడ ఉత్తరాలకి నేను జవాబివ్వను, వేరేవాళ్లకి అప్పగిస్తాను. ఆ మాట ఇస్తాను. ఉత్తరం రాకుండా చూస్తానని మాత్రం ఇవ్వలేను. ఆఫీసులో కూర్చున్నవాడు ఇంట్లో ఉన్నవాళ్ల నోరు నొక్కకూడదనే కదా నేను ముప్పై ఏళ్లు వాషింగ్టన్‌తో కొట్లాడింది. ఇంట్లో ఉన్నది నా భార్యేనని ఇప్పుడు వేరే మాట చెప్పలేను."

ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు. నవ్విన ముగ్గురిలో ఒకడు వద్దన్నవాళ్లలో ఉన్నాడు. ఆ మనిషి నవ్వుని నేను ఇప్పటికీ నమ్మను.

బయట నడవాలో ఆయన దగ్గరికి వెళ్లాను. "లోవెల్, ఆ పుకారు..."

"నీదే. తెలుసు."

"ఎలా తెలుసు?"

"స్వెటర్‌కి పిన్ను కొట్టుకున్నావు కదా." కోటు గుండీలు పెట్టుకున్నాడు. కోపం లేదు గానీ మొహం వాడిపోయి ఉంది. "బిగించడానికి ఉత్తరం కావాలన్నావట. నాలుగుసార్లు మార్చాను. ఆ నాలుగుసార్లూ ఉత్తరంలో ఉన్నది సరైన లెక్క. నేను కొలిపించి చూశాకే మార్చాను. మార్విన్‌కి అది కూడా చెప్పు."

చెప్పాను. మార్విన్ అది బావమరిదికి చెప్పినట్టు లేదు, అలాంటివి ఎవరికీ పాకవు.

మార్చిలో వేరే కౌంటీ నుంచి కొత్త డైరెక్టర్ వచ్చాడు. చిన్నవాడు, లోవెల్‌ని సార్ అనేవాడు. లోవెల్ పాత గదిలోనే ఉండిపోయాడు. ఏప్రిల్లో బొగ్గు బూడిద గుంటల మీద కొత్త నిబంధన అచ్చయింది. ఆరో రోజున కవరు వచ్చింది. పోస్టు బాక్సు కాదు, ఇంటి చిరునామా. కింద ఆర్డిత్ ప్రాథర్ అని పూర్తి సంతకం. కమిటీ ముందు అన్న మాట ప్రకారం లోవెల్ దాన్ని తాకకూడదు. జవాబు ముసాయిదా రాయమని మా శాఖ న్యాయవాది నాకే అప్పగించాడు.

లోవెల్ రోజుకి రెండుసార్లు నా బల్ల ముందు నుంచి వెళ్లడం మొదలుపెట్టాడు.

"ఎన్ని పేజీలు?" అన్నాడు మూడో రోజు.

"చెప్పకూడదు."

"నేనెప్పుడో అన్న మాట ఏదైనా ఎత్తిందా?"

"లోవెల్, ఇంట్లో అడగొచ్చు కదా."

"అడిగాను. ఆఫీసులో అడగమంది."

నేను కాగితం మీద మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఆ మోచేతిని అనుమానంగా చూసి, వెళ్లిపోయాడు.

జవాబు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆవిడ రాసిన నాలుగు అభ్యంతరాల్లో ఒకటి సరైనదేనని మార్విన్ కొలిచి చూసి ఒప్పుకున్నాడు, మొహం చిట్లించుకుని. ఆ ఒక్కటీ మార్చాం, మిగతా మూడింటికీ మార్పు లేదని రాశాం. కవరు లోవెల్ చేతికే ఇస్తే ఆ సాయంత్రమే చేరేది. స్టాంపు అంటించి డబ్బాలో వేశాను. ఆయన గది గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.